నలభై ఐదో అమ్మాయి

కుస్తీ గాని కబడ్డీ గాని చూడాలంటే వొకచోట కూర్చుంటే చాలును. ట్రయాథ్లాన్ అనే పందెం అటువంటిది కాదు. ముందు ఈత, ఆపైన సైకిలు, ఆపైన పరుగు. మూడూ వెంటవెంటనే, మధ్యలో విశ్రాంతి లేకుండా చేయాలి. ఒలింపిక్ లెక్క ప్రకారం ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఇందులో ఆడవారికి తగ్గింపు లేదు. మగవారికెంతో వారికీ అంతే. పైగా 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో యీ ఆట మొదటిసారి అడుగుపెట్టినప్పుడు ముందు జరిగినది ఆడవారి పందెమే, మగవారిది మరునాడు. మారథాన్ పరుగులో స్త్రీలకు చోటు దొరకడానికి 1984 దాకా ఆగవలసి వచ్చిందంటే, యిది చిన్న విశేషం కాదు.

చూడవచ్చినవారికి చెరువు గట్టున చేతులూ నురగా తప్ప యేమీ తెలియదు. సైకిళ్లు రివ్వున వచ్చి రివ్వున పోతాయి. అసలు వేడుక చూడదలచినవారు ఈత ముగించి సైకిలు అందుకునే చోట నిలబడాలి. తడి వొంటితో పరుగెత్తుకొచ్చి, తలకు హెల్మెట్టు బిగించి, సైకిలు తీసుకుని, క్షణాలలో మాయమవుతారు. హెల్మెట్టు బిగించకముందే సైకిలు కదిపితే శిక్ష కూడా వున్నది. పిల్లలకు జడలువేసి, క్యారియర్లు సర్ది, తామూ తయారై ఎనిమిదింటి బస్సు అందుకునే మన ఆడవారికి యీ చాకచక్యం కొత్తగా తోచదు లెండి.

2012 ఆగస్టు 4న లండను హైడ్ పార్కులో జరిగిన ఆడవారి ఒలింపిక్ పందెం చిత్రాన్ని మేము వొకటికి రెండుసార్లు చూశాము. సర్పెంటైన్ చెరువులో ఈత, రాజభవనం ముందునుంచి సైకిళ్లు, మళ్లీ చెరువు చుట్టూ పరుగు. దారి పొడుగునా చాలాచోట్ల టిక్కెట్టు లేకుండానే చూడవచ్చు గనుక జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. రెండు గంటల శ్రమ తరువాత స్విట్జర్లాండు నికోలా స్పిరిగ్, స్వీడన్ లీసా నోర్డెన్ యిద్దరూ వొక్కసారే గీతమీదికి వచ్చి పడ్డారు. గడియారంలో యిద్దరికీ 1 గంట 59 నిమిషాల 48 సెకన్లే. ఛాయాచిత్రం పరీక్షించి స్పిరిగ్‌కు స్వర్ణం యిచ్చారు. ఇద్దరికీ యివ్వవలసినదని స్వీడన్ వారు క్రీడల న్యాయస్థానానికి వెళ్లారుగాని, అది నెగ్గలేదు.

సాధారణంగా యింతటితో టీవీ కట్టేసి భోజనానికి లేస్తాము. మేము చెప్పదలచినది ఆ తరువాతి సంగతి.

ఆనాడు 38వ స్థానంలో వచ్చినామె అమెరికాకు చెందిన గ్వెన్ జోర్గెన్‌సెన్. సైకిలు టైరులో గాలి పోయి వెనకబడింది. అంతకు రెండేళ్ల క్రితమే, పద్దులూ పన్నుల లెక్కలూ చూసే ఉద్యోగం చేసుకుంటూ యీ ఆటలోకి వచ్చిన మనిషి. 45వ స్థానంలో వచ్చినామె బెర్ముడా దీవులకు చెందిన ఫ్లోరా డఫీ. సైకిలు మీదనుంచి పడి, లేచి, పందెం ముగించింది. 2008లో బీజింగులోనైతే పూర్తి చేయనేలేకపోయింది.

2016లో రియోలో స్వర్ణం జోర్గెన్‌సెన్‌ది. అప్పటికి బిడ్డ తల్లి అయిన స్పిరిగ్‌కు రజతం. కరోనా మూలంగా 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సులో స్వర్ణం డఫీది. లక్ష మంది జనం కూడా లేని బెర్ముడాకు అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. అంటే రాబోయే రెండు స్వర్ణాలూ ఆనాడు హైడ్ పార్కులో వెనకాల, యెవరూ పట్టించుకోని గుంపులో పరుగెత్తుతున్నాయన్నమాట!

మన యిళ్లకు వద్దాము. ఆడపిల్ల పోటీకి వెళ్లి వస్తే గుమ్మంలోనే అడిగే ప్రశ్న "ఎన్నో స్థానం వచ్చావే?" అని. పదిహేనో, యిరవయ్యో అంటే, "చాల్లే తల్లీ, యింక చదువు చూసుకో" అంటాము. ఆ మాటతో సైకిలు మూలకు చేరుతుంది. మగపిల్లవాడికైతే "వచ్చే యేడు చూద్దాంలేరా" అని వాయిదా యిస్తాము. ఆ వాయిదా ఆడపిల్లకు కూడా యిమ్మని మా మనవి. గాలి పోయినది టైరులోనైతే వేయించుకోవచ్చు; పిల్లలో పోతే కష్టం.

వొక చిన్న సూచన. ఉగాదికి సంఘం పిల్లల పందాలలో మొదటి ముగ్గురి పేర్లూ రాసుకోగానే తాడు దించేస్తున్నారు. ఈసారి చివరి పిల్ల గీత దాటేవరకు తాడు దించరాదనీ, పెద్దలెవరూ కుర్చీలు వదలరాదనీ నియమం పెట్టుకుందాము. సంఘానికి పైసా ఖర్చు లేదు. ఫలహారం మాత్రం అయిదు నిమిషాలు ఆలస్యమవుతుంది.