ప్రయాణంలో యోగాసనం: మనల్ని మనం తెలుసుకునే దారి



తిరిగితే గాని లోకం తెలియదంటారు పెద్దలు. లోకం సంగతి సరే, తిరిగితే మన గురించి మనకు ఏం తెలుస్తుంది? ఈ ప్రశ్నకు ఈ మధ్య ఒక జవాబు తయారుగా దొరుకుతోంది. సెలవు పెట్టి కొండలకో, సముద్ర తీరానికో వెళ్ళాలి. సూర్యోదయానికి ఎదురుగా ఒంటికాలి మీద వృక్షాసనం వేయాలి. ఫొటో దిగి, ‘నన్ను నేను తెలుసుకున్నాను’ అని కింద రాసుకోవాలి. రిషికేశ్ లాంటి చోట్ల ఇదొక పెద్ద వ్యాపారం. 1968లో బీటిల్స్ అనే ఇంగ్లండు గాయకుల బృందం మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి ధ్యానం నేర్చుకోవడానికి వచ్చిన తర్వాత ఆ ఊరి పేరు దేశదేశాలా పాకింది. ఇవాళ అక్కడ వారాల లెక్కన యోగా కోర్సులు నడుస్తున్నాయి.

వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళనివ్వండి. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ప్రయాణంలో ఆసనం వేస్తే మనిషికి తన గురించి తెలుస్తుందన్న మాట కూడా నిజమే. కానీ దానికి డబ్బూ, కొండలూ, ఖరీదైన చాపా కావాలన్నదే అబద్ధం. పరీక్షకో, ఇంటర్వ్యూకో జనరల్ బోగీలో కిక్కిరిసి వెళ్ళే హాస్టల్ విద్యార్థికే ఆ ఆసనం అవసరం ఎక్కువ, దానివల్ల దొరికేదీ ఎక్కువ అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

మన ప్రయాణాలు వేరు

మన ఇళ్ళలో ప్రయాణం అంటే విహారం కాదు. మాది పాలమూరు జిల్లా. నా చిన్నప్పుడు మా అమ్మానాయన పంట పనులు అయిపోగానే ఏటా ముంబయి, పుణె వైపు మట్టి పనికి వలస వెళ్ళేవారు. వాళ్ళకు ప్రయాణం అంటే మూటలు, గిన్నెలు, చంకన పిల్లలు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేను. నాకు ప్రయాణం అంటే హాల్ టికెట్టు, సర్టిఫికెట్ల ఫైలు, పులిహోర డబ్బా. ఈ మాట చదువుతున్న మీలో చాలామంది సంగతీ ఇంతే.

మన ప్రయాణాలకు ఇంకొక బరువు కూడా ఉంది. డాక్టర్ అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే తన జ్ఞాపకాలలో 1901 నాటి ఒక రైలు ప్రయాణం గురించి రాశారు. అప్పటికి ఆయన చిన్న పిల్లవాడు. సెలవులకు తండ్రి దగ్గరికి వెళ్దామని అన్నతో, బంధువుల పిల్లలతో కలిసి కొత్త బట్టలు వేసుకుని సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగారు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. మొదట దయగా పలకరించిన స్టేషన్ మాస్టర్, వీళ్ళు మహర్ పిల్లలని తెలియగానే వెనక్కి తగ్గి వెళ్ళిపోయాడు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే తప్ప బండి దొరకలేదు. అదీ పిల్లలే బండి తోలాలి, బండివాడు పక్కన నడుస్తాడు. ఆ రాత్రి తాగడానికి నీళ్ళు కూడా దొరకలేదు.

తానెవరో తాను తెలుసుకోవడం వేరు, తానెవరో ఇతరులు చెప్తే వినాల్సి రావడం వేరు. మన పెద్దలకు చాలాకాలం ప్రయాణాలలో ఎదురైంది ఆ రెండోదే. మొదటిది మనం సంపాదించుకోవాలి. దాన్ని ఒంటి నుంచే మొదలుపెట్టాలని నేనంటాను.

ఒళ్ళు చెప్పిన సంగతులు

ఇంటర్మీడియట్ చదివేటప్పుడు హాస్టల్ వరండాలో దుప్పట్లు పరిపించి మా పీఈటీ మేడమ్ మాకు ఆసనాలు నేర్పారు. అక్కడ అందరితో పాటు వేసేవాళ్ళం. మేడమ్ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే చేతులు వాటంతటవే లేచేవి. అది అవసరమే, అది లేకపోతే పద్ధతి రాదు. అయితే కొత్త ఊళ్ళో, ఒంటరిగా, లెక్కపెట్టేవాళ్ళు లేనప్పుడు వేసే ఆసనంలోనే మన ఒంటి మాట మనకు వినిపిస్తుంది.

పీజీ ప్రవేశ పరీక్షకు వెళ్తూ ఒక స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో మూడు గంటలు గడపాల్సి వచ్చింది. తాడాసనంలో నిలబడ్డాను. చూసేవాళ్ళకు అది ఆసనమని కూడా తెలియదు, ఊరికే నిలబడినట్టే ఉంటుంది. రెండు పాదాల మీదా సమంగా నిలబడ్డాననుకున్నాను గానీ బరువంతా ఎడమ కాలి మీదే ఉంది. చిన్నప్పటి నుంచి బోరింగు నుంచి బిందె ఎడమ చంకన పెట్టుకుని మోసిన అలవాటది. పదేళ్ళ నీళ్ళ మోత నా నిలువులో రాసి ఉందని అప్పుడు తెలిసింది.

అదే రోజు ఇంకొకటి గమనించాను. బెంచీ మీద కూర్చున్నా, బోగీలో కూర్చున్నా మోకాళ్ళు ముడుచుకుని, భుజాలు లోపలికి లాక్కుని, అంచు మీద కూర్చుంటున్నాను. ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు ఉంది నా వాలకం. నా దగ్గర టికెట్టు ఉంది, ఎవరూ లేవమనలేదు. అయినా భుజాలకు ఆ సంగతి తెలియదు. తరతరాల నుంచి వచ్చిన జాగ్రత్త అది. దాన్ని ఆత్మన్యూనత అని పుస్తకాల్లో చదువుకున్నాం. కానీ అది ఒంట్లో ఎక్కడ దాక్కుని ఉంటుందో పుస్తకం చూపించలేదు, తాడాసనం చూపించింది.

ఊళ్ళో ఆడపిల్ల భుజాలు విప్పి నిటారుగా నిలబడితే ‘ఎవరి బిడ్డ?’ అని అడుగుతారు. స్టేషన్లో అంతగా అడిగేవాళ్ళు లేరు. మన పేరూ, వాడా తెలియని చోట ఓ పది నిమిషాలు నిటారుగా నిలబడి చూడండి. అలా నిలబడగలమని ఒంటికి ఒకసారి తెలిస్తే ఊళ్ళోకి వచ్చాక కూడా మరచిపోదు.

మళ్ళ వంగుడెందుకు?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నం సుమారు 700 కిలోమీటర్లు. దాదాపు 12 గంటల ప్రయాణం. ఒకసారి మహిళల బోగీలో వెళ్తున్నాను. సీటులో కూర్చునే నడుమును అటూ ఇటూ తిప్పుతుంటే ఎదుటి సీటులో ఉన్న ఒక పెద్దమ్మ చూసి ఏంది బిడ్డా అని అడిగింది. ఆమె మానుకోటలో దిగాలి. యోగా అని చెప్పాను. వంగడాలు, తిరగడాలు రెండు చూపించాను. ఆమె పకపకా నవ్వి, ‘నాట్లేసెటప్పుడు దినమంత వంగుతనే ఉంటిమి, మళ్ళ వంగుడెందుకు?’ అంది.

చాలా గొప్ప ప్రశ్న అది. కష్టపడి పనిచేసేవాళ్ళకు యోగా ఎందుకు, అది కూర్చుని తినేవాళ్ళకు గదా అని మన వాడల్లో చాలామంది అనుకుంటారు. జవాబు నాకు వెంటనే తట్టలేదు. ఆలోచించాక ఇలా అనిపించింది. నాట్లలో నడుము ముందుకే వంగుతుంది, గంటల తరబడి ఒక్క తీరుగానే వంగుతుంది. ఎప్పుడు లేవాలో నిర్ణయించేది వరుస, మేస్త్రీ, కూలి. నొప్పి వచ్చినా ఆగడానికి వీల్లేదు. ఆసనంలో నడుము ముందుకూ, వెనక్కూ, పక్కలకూ వంగుతుంది. నాలుగు ఊపిర్లసేపు నిలిచి తిరిగి వస్తుంది. నొప్పి వస్తే ఆగాలన్నది అందులో మొదటి నియమం. ఎంత వంగాలో, ఎప్పుడు ఆగాలో మనమే చెప్పుకుంటాం. మా అమ్మ ఒంటికి ఆ హక్కు ఎన్నడూ లేదు. నాకు ఉంది. దాన్ని వాడుకోవాలి.

ఆ పెద్దమ్మకు ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు లెండి. కూర్చున్న చోటే చేతులు పైకెత్తి కాస్త వెనక్కి వాలమన్నాను. రెండుసార్లు వాలి, ‘అబ్బ, పానం నిమ్మలమైంది’ అంది. చుట్టూ ఉన్న మరో నలుగురు కూడా చేతులెత్తారు.

యోగా అంటే కష్టమైన విన్యాసాలనే భ్రమ కూడా పోవాలి. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకు కాస్త తక్కువ. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. నిలకడగా, హాయిగా ఉండాలన్నదే వాటి సారాంశం. ఒంటిని విల్లులా వంచాలని అక్కడ లేదు. 20వ శతాబ్దంలో యోగాసనాలను ప్రపంచానికి చేరవేసిన బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) కూడా పుట్టు బలశాలి కాదు. పేద కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కి శల్యమైన పిల్లవాడు. మైసూరులో గురువు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకుని, 1937లో యోగా నేర్పడానికి పుణె వెళ్ళారు. వంగలేనివాళ్ళ కోసం కుర్చీలు, తాళ్ళు, చెక్క దిమ్మలు ఆసరాగా వాడారు. ఆయనది మన సామాజిక నేపథ్యం కాదు. కానీ బలహీనమైన ఒంటితోనే మొదలుపెట్టవచ్చని, కుర్చీ ఉన్నచోట కూడా ఆసనం కుదురుతుందని ఆయన జీవితం చెప్తుంది.

బోగీలో ఏం చేయవచ్చు?

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం నిలిచి పాదాలు వాస్తాయి. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి వదులవుతూ రక్తాన్ని గుండె వైపు పైకి తోస్తాయి. కూర్చుండిపోతే ఆ పని ఆగుతుంది. నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. అది సుమారు 6000 మందిలో ఒకరికి వచ్చేది కాబట్టి భయపడాల్సిన పని లేదు గానీ, కాళ్ళు కదపాల్సిన పని మాత్రం ఉంది.

కూర్చున్న చోటే పాదాలను పైకీ కిందికీ వంచండి, చీలమండలు గుండ్రంగా తిప్పండి. భుజాలు వెనక్కి తిప్పండి. మెడను మెల్లగా పక్కలకు వంచండి. వెన్ను నిటారుగా పెట్టి నడుమును కుడికీ ఎడమకూ తిప్పండి. పై బెర్తు ఖాళీగా దొరికితే వజ్రాసనంలో కూర్చోవచ్చు, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు వద్దు. రాత్రి నిద్ర పట్టకపోతే శవాసనంలో పడుకుని పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్ని వదులు చేయండి. నిలబడి వేసే ఆసనాలు బండి ఆగాక, ప్లాట్‌ఫారం అంచుకు దూరంగా వేయండి. కదిలే బండిలో, తలుపు దగ్గర వద్దే వద్దు. నిండు కడుపుతో ముందుకు వంగవద్దు. రక్తహీనత ఉన్న చెల్లెళ్ళు తల తిరిగినట్టుంటే వెంటనే ఆపేయండి.

ఇంటర్వ్యూ గది బయట చేయాల్సింది ఇంకా చిన్నది. భయం వేసినప్పుడు ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆడుతుంది. దాన్ని గమనించి, వదిలే ఊపిరిని తీసుకునేదానికన్నా పొడుగ్గా వదలండి. పదిసార్లు చాలు. వచ్చిన జవాబు మరచిపోకుండా ఉండటానికి నాకు పనికొచ్చింది.

ఒక మాట, ఒక విన్నపం

‘ముందు మెస్సులో తిండి సరిగ్గా పెట్టమనండి, తర్వాత యోగా’ అని కొందరు అక్కలు అంటారు. ఒప్పుకుంటాను. ఆసనం అన్నానికి బదులు కాదు, స్కాలర్‌షిప్‌కు బదులు కాదు, మందుకూ బదులు కాదు. ఎవరైనా అలా బదులుగా చూపిస్తే మనం ఒప్పుకోకూడదు. కానీ హక్కుల కోసం నిలబడాలన్నా ముందు నిలబడటం రావాలి. రెండూ కావాలి.

జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా 2014లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2015 నుంచి జరుగుతోంది. ఆ రోజు వరుసల్లో కూర్చోబెట్టి ఆసనాలు వేయిస్తారు, ఫొటోలు తీస్తారు. మర్నాడు దుప్పట్లు మడతపెడతాం. అలా కాకుండా, పరీక్షలకూ ఇంటర్వ్యూలకూ పిల్లలు ఊరు దాటే రోజుల్లో, సీటులో కూర్చుని చేసే నాలుగు ఆసనాలను సీనియర్లు జూనియర్లకు నేర్పాలని నా విన్నపం. పావుగంట పని. ఖర్చు ఏమీ లేదు. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తమ ప్రయాణాల సంగతులు కూడా చెప్తే ఒంటరిగా బండెక్కే చెల్లెళ్ళకు ధైర్యం వస్తుంది.

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. పేద తల్లిదండ్రుల పిల్లలు తమ ఒంటి శక్తి ఎంతో లోకానికి చూపించారు. మనమందరం ఎవరెస్టు ఎక్కనక్కర్లేదు. రేపు బస్సో, రైలో ఎక్కుతాం. అక్కడ మనం కొనుక్కున్న టికెట్టు మీద మన సీటులో నిండుగా కూర్చుందాం. వెన్ను నిటారుగా పెడదాం, ఊపిరి నిండా తీసుకుందాం. తరతరాలుగా ఇతరుల పనికి వంగిన ఒళ్ళు ఇది. ఇకనైనా దాని మాట మనం విందాం.

 జై భీమ్!