నేల కింద నీళ్ళకి ఒక తలుపు

ఇల్లు కట్టేటప్పుడు గోడల రంగు గురించి ఇంటిల్లిపాదీ నెల రోజులు వాదించుకుంటారు. నేల కింద వెళ్ళే పైపుల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. రంగు నచ్చకపోతే వారంలో మార్చుకోవచ్చు. కాంక్రీటు పోశాక కింద పైపు కారడం మొదలైతే, ఆ సంగతి తెలియడానికే ఏడాది పట్టొచ్చు.

ఇబ్రాలో మా వరసలో మూడో ఇంట్లో, కిందటి చలికాలం, ఆ సంగతి అందరికంటే ముందు పిల్లికి తెలిసింది. హాల్లో ఒక మూల, రెండే రెండు టైల్స్ మీద పొద్దస్తమానం పడుకునేది. ఇంటివాళ్ళు చూసి ముచ్చటపడ్డారు. నెల తర్వాత నీళ్ళ బిల్లు వచ్చాక ఆ ముచ్చట పోయింది. చెయ్యి పెట్టి చూస్తే టైల్ వెచ్చగా ఉంది. గీజరు నుంచి బాత్రూంకి వెళ్ళే వేణ్ణీళ్ళ పైపు దాని కిందే కారుతోంది.

బాగు చెయ్యడానికి వచ్చినాయన జగిత్యాల వైపు మనిషి. ఇరవయ్యేళ్ళుగా గల్ఫ్‌లో ఇదే పని. తెలుగు మాట వినబడగానే నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. ముందు గీజరుకి వెళ్ళే వాల్వు కట్టేశాడు. అంతదాకా ఎవరూ కుళాయి తిప్పకపోయినా పావుగంటకోసారి తిరుగుతున్న ప్రెషర్ పంపు గమ్మున ఊరుకుంది. కారేది వేణ్ణీళ్ళ లైనేనని అలా తేల్చాడు. తర్వాత టైల్స్ తీసి, కాంక్రీటు పగలగొట్టి, ఒక ఎల్బో బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

"పైపు మంచిగనే ఉన్నది తమ్మీ. అతుకు పలిగింది. కాంక్రీట్ల అతుకు వెట్టి పోయినోడు ఇప్పుడు యాడున్నడో!"

అతుకే ఎందుకు పగులుతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. సీపీవీసీ పైపు ఒక మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడి పెరిగితే, సుమారు 0.065 మిల్లీమీటర్లు సాగుతుంది. చూడటానికి చిన్న అంకె. 10 మీటర్ల పైపులో నీళ్ళు 30 డిగ్రీల నుంచి 60కి వేడెక్కితే ఆ సాగుడు దాదాపు 2 సెంటీమీటర్లవుతుంది. చల్లారితే మళ్ళీ కుంచించుకుపోతుంది. స్నానం చేసిన ప్రతిసారీ ఇదే వరస. పైపు కదలాలనుకుంటుంది, కాంక్రీటు కదలనివ్వదు. ఆ తగువంతా పోయి వంపు దగ్గర, అతుకు మీద పడుతుంది.

ఆయన ఆ అతుకుని మళ్ళీ వెయ్యలేదు. పాత లైనుకి రెండు చివర్లా మూతలు బిగించి నేలలోనే వదిలేశాడు. కొత్త లైను గోడ పైనుంచి తిప్పి తెచ్చాడు. "పైన అయితే కారినా కండ్లకు గనవడ్తది" అన్నాడు.

ఈ మాట ఇబ్రాకి కొత్త కాదు. మస్కట్ నుంచి కారులో రెండు గంటల లోపు దూరంలో ఉన్న ఈ ఊళ్ళో ఖర్జూరపు తోటలు పెరిగింది ఫలజ్ నీళ్ళతోనే. ఒమన్‌లో దావూదీ అనే రకం ఫలజ్‌లో నీళ్ళు చాలా దూరం నేల కిందే ప్రయాణం చేస్తాయి. కొండవార తల్లి బావి తవ్వి, అక్కణ్ణించి అతి తక్కువ వాలుతో సొరంగం తీసి, ఊరి దగ్గర నీళ్ళని బయటికి తెస్తారు. పంపు లేదు, మోటారు లేదు, వాలు ఒక్కటే. ఆ సొరంగం పొడవునా కొంత దూరానికొకటి నిట్టనిలువు బావులుంటాయి. తవ్వేటప్పుడు మట్టి తీయడానికి, లోపలి మనిషికి గాలి ఆడటానికి ఉపయోగపడ్డాయి. పని అయిపోయాక వాటిని పూడ్చెయ్యలేదు. సొరంగం ఎక్కడ కూలినా, ఎక్కడ పూడినా, దగ్గర్లోని బావిలోంచి మనిషి దిగి బాగు చేసుకోవడానికి అలాగే ఉంచారు. వాగు అడ్డం వస్తే నీళ్ళని నిలువునా కిందికి దించి, వాగు అడుగు నుంచి దాటించి, అవతలి ఒడ్డున మళ్ళీ పైకి తెచ్చిన చోట్లు కూడా ఉన్నాయి. అక్కడా రెండు కొసలూ మనిషికి అందుబాటులోనే ఉంటాయి. నీళ్ళు ఇంకిపోయే చోట సారూజ్ అనే కాల్చిన మట్టి గచ్చు పూసేవాళ్ళు.

ఇంకో కిటుకు కూడా ఉంది. ఫలజ్ నీళ్ళని కాలంతో కొలిచి పంచుకుంటారు. ఒక 'అథర్' అంటే దాదాపు అరగంట నీళ్ళు. నా వంతు అరగంటలో నా మడి తడవకపోతే, పైన ఎక్కడో తేడా ఉందని నాకు ఆ రోజే తెలిసిపోతుంది. చూసుకోవడానికి వకీలు అనే పెద్ద ఉంటాడు. అంటే, నేల కింది నీళ్ళకి దిగే దారీ ఉంది, రోజువారీ కొలతా ఉంది. ఒమన్‌లో దాదాపు 3,000 ఫలజ్‌లు ఇప్పటికీ పారుతున్నాయంటే కారణం ఈ రెండే అనిపిస్తుంది నాకు. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇబ్రావి ఆ ఐదింటిలో లేవు.

ఆ తలుపులు మూసుకుపోతే ఏమవుతుందో చూడాలంటే మన జహీరాబాద్ దాటి బీదర్ వెళ్తే చాలు. బహమనీల కాలంలో అక్కడ నౌబాద్ దగ్గర ఇలాంటి సొరంగమే తవ్వారు, కరేజ్ అంటారు. బావులు మట్టితో పూడిపోయాయి. కింద అంత పని జరిగిందన్న సంగతే జనం మరిచిపోయారు. ఇటీవలి ఏళ్ళలో మళ్ళీ తవ్వి బయటపెట్టారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, సత్తెనపల్లిలో మా నాన్న ఇల్లు కడుతున్నారు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బంతా అందులోనే ఉంది. బేస్‌మెంటు గ్రావెల్‌తో నింపారు, బెడ్డు కాంక్రీటు వెయ్యాలి. మాది నల్లరేగడి నేల. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. ఆ నేల కింద నీళ్ళు కారితే తడిసిన వైపు ఉబ్బుతుంది, రెండో వైపు ఉండిపోతుంది, మధ్యలో గోడ చీలుతుంది. అప్పుడది నీళ్ళ బిల్లుతో తీరే విషయం కాదు.

నాన్న పంపిన ఫోటోలో వంటింటి నుంచి బాత్రూంకి మంచినీళ్ళ పైపు నేలలోంచే పోతోంది. వీడియో కాల్లో మేస్త్రిని అడిగాను, ట్యాంకు పైన ఉంటే పైపు కిందికెందుకు దిగింది అని.

"దగ్గర దారి సార్. రెండు పైపులు మిగులుతాయి."

"ఆ రెండు పైపుల డబ్బులు నేనిస్తానయ్యా, గోడ మీదుగా పోనియ్యి" అన్నారు నాన్న వెనక నుంచి.

సగం సమస్య అక్కడే తీరింది. కారకుండా చూసుకోవడానికి అన్నిటికంటే మంచి ఉపాయం, ఒత్తిడితో పారే నీళ్ళని నేల కిందికి పంపకపోవడమే. పంపక తప్పకపోతే అతుకు లేని ఒకే ముక్క పంపాలి. ఇక్కడ కొన్ని కొత్త ఇళ్ళలో పైపులో పైపు వేస్తున్నారు. ముడతల గొట్టంలోంచి పెక్స్ పైపు దూరుస్తారు. లోపలిది పాడైతే లాగేసి కొత్తది దూర్చొచ్చు, నేల పగలగొట్టే పని లేదు. అదీ ఫలజ్ బావి లాంటిదే.

మురుగు పైపులకి ఆ వెసులుబాటు లేదు, అవి కిందే పోవాలి. వాటికి వాలు సరిపోవాలి, అడుగున రాళ్ళు లేని ఇసుక పరుపుండాలి, మలుపు తిరిగే చోట మూత తీసి చూడగలిగే ఛాంబరుండాలి. ప్లింత్ బీములోంచి దూరే చోట పైపు కన్నా పెద్ద గొట్టం ముందే పెట్టి కాంక్రీటు పోయాలి. ఇల్లు కాస్త కుంగినా పైపు నలగదు.

చివరిది పరీక్ష. "ట్యాంకు నీళ్ళు వదిలాం సార్, చుక్క కారలేదు" అన్నాడు మేస్త్రి. 10 మీటర్ల ఎత్తు నీళ్ళకి ఒత్తిడి సుమారు 1 బార్. మా ట్యాంకు 6 మీటర్ల ఎత్తు, అంటే 0.6 బార్. రేపు షవరు ధారగా రావట్లేదని 3 బార్ ప్రెషర్ పంపు పెడితే? అందుకని పరీక్ష ఎప్పుడూ వాడబోయే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లతో, గేజి ఉన్న చేతి పంపుతో చెయ్యాలి. ప్లాస్టిక్ పైపులు కొంచెం సాగుతాయి కాబట్టి మొదట్లో ముల్లు కాస్త దిగినా కంగారు పడక్కర్లేదు. మళ్ళీ కొట్టి, గంటల తరబడి నిలబడిందా చూడాలి. నేలలో పైపు ఉంటే కాంక్రీటు పోసేటప్పుడు కూడా ఆ ఒత్తిడి అలాగే ఉంచాలి. పార తగిలి కన్నం పడితే ముల్లు అప్పుడే చెబుతుంది. మురుగు పైపుకి చివర బిరడా కొట్టి, నిండా నీళ్ళు పోసి, మట్టం దిగుతుందేమో చూస్తే చాలు.

ఇల్లు ఎప్పుడో కట్టేసుకున్నవాళ్ళకి మిగిలింది కొలతే. మన ఊళ్ళలోనూ గల్ఫ్‌లోనూ మీటరు ట్యాంకుకి ముందుంటుంది కాబట్టి, ట్యాంకు తర్వాత కారేదాన్ని అది వెంటనే పట్టివ్వదు. రాత్రి ట్యాంకులోకి వచ్చే వాల్వు కట్టేసి, మట్టం దగ్గర గీత పెట్టి, పొద్దున్నే కుళాయి తిప్పకముందు చూడండి. నిమిషానికి 100 మిల్లీలీటర్లు కారినా రోజుకి 144 లీటర్లు పోతాయి. డాలస్, హ్యూస్టన్ మిత్రులు కుళాయిలన్నీ కట్టేసి మీటరు మీది చిన్న ముల్లు కదులుతోందేమో చూడొచ్చు. మీ దగ్గరా ఉబ్బే బంకమట్టే. ఒకవేళ కారుతున్నా, నేల పగలగొట్టే ముందు అది పోస్ట్ టెన్షన్ స్లాబేమో కనుక్కోండి. లోపల బిగించిన తీగ తెగితే చాలా ప్రమాదం. గరాజు నేల మీద హెచ్చరిక ముద్ర ఉండొచ్చు.

సత్తెనపల్లిలో కాంక్రీటు వెయ్యడానికి ముందురోజు నాన్న ప్రతి పైపు పక్కనా టేపు పరిచి, గోడ నుంచి దూరం కనిపించేలా ఫోటోలు తీయించారు. పద్నాలుగు ఫోటోలు. ప్రింట్లు వేయించి, ఇంటి దస్తావేజుల కవర్లో పెట్టారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఎవరుంటారో తెలియదు. ఉన్నవాళ్ళకి కాగితాలతో పాటు అవీ అందుతాయి.