మంద్రస్వరము: ఒక ఔత్సాహికుని విన్నపము

మామిడితోటల నూజివీడు సీమలో మా ముసునూరు ఒక గ్రామము. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి కాయలు కోతకు వచ్చు వేసవి దినములలోనే ఈ సీమయందు పెండ్లిండ్లును విరివిగా జరుగుచుండును. కావున ఆ దినములలో నా చేతులకు రెండు పనులు తప్పవు. పగలు చిక్కపు గెడ పట్టి కాయ దింపించుట. రాత్రి పందిరి క్రింద బేస్ గిటారు వాయించుట. మొదటిది నా జీవనము, రెండవది నా ఉత్సాహము. ఆ రెండవ దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు పూర్వ విద్యార్థినైన నాకు ఈ సంచికయందు చోటు దొరకినందులకు సంతసించుచున్నాను.

పాట ముగిసిన తోడనే జనులు గాయకుని మెచ్చుకొందురు. కీబోర్డు వాయించినవాని భుజము తట్టుదురు. డ్రమ్ములు వాయించినవాని చుట్టు పిల్లలు మూగుదురు. నా యొద్దకు వచ్చిన కుర్రవాడు మాత్రము వేదిక మెట్టుమీద నిలిచి, “అన్నా, నీ గిటారుకు నాలుగు తీగలేనా? మిగతా రెండూ తెగిపోయాయా?” అని అడుగును. “తెగలేదు తమ్ముడూ, దీనికి ఉన్నవే నాలుగు” అందును. వాడు జాలిగా చూచి వెళ్ళిపోవును. ఆ కుర్రవానికి నిలుకడగా చెప్పవలెనని తలచి చెప్పలేకపోయిన సమాధానమే ఈ వ్యాసము.

సాధారణమైన గిటారునందు తీగ పలుకు భాగము ఇంచుమించు 25 అంగుళములు కాగా, బేస్ గిటారునందు అది 34 అంగుళములు. తీగ పొడవును బరువును హెచ్చినకొలది అది నెమ్మదిగా కంపించును. కంపనము నెమ్మదించినకొలది స్వరము క్రిందికి దిగును. దీని లావుపాటి తీగ సెకనునకు 41 పర్యాయములును, తక్కిన మూడును వరుసగా 55, 73, 98 పర్యాయములును కంపించును. మానవుని చెవికి అందు ధ్వనులు సెకనునకు 20 కంపనముల చెంత ఆరంభమగును గదా. అనగా మేము సంగీతసౌధమునకు పునాదులున్న చోట పనిచేయువారము.

పూర్వము పాశ్చాత్య వాద్యబృందములందు ఈ పనిని నిలువెత్తు మనిషిని మించిన డబుల్ బేస్ చేసెడిది. దానిని మోసికొనిపోవుట కష్టము. బాకాల నడుమ దాని ధ్వని వినబడుట మరింత కష్టము. 1930 తరువాతి దశకమున అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్మార్క్ అను నాతడు విద్యుత్తుతో పలుకు బేస్ నిర్మించెను గాని అది వ్యాప్తికి రాలేదు. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రపు లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బేస్’ అను పేర ఒక వాద్యమును విపణికి తెచ్చెను. మెట్లుండుటచే దానిపై స్వరము తప్పక ఖచ్చితముగ పలుకును గనుక దానికి ఆ పేరు. నేడు మేము భుజమున తగిలించుకొను వాద్యములలో పెక్కు దాని సంతతివే.

ఇది పరదేశపు వస్తువని కొందరు పెద్దలు పెదవి విరుతురు. వస్తువు పరదేశపుదే, అది చేయు పని మాత్రము మనకు క్రొత్త గాదు. తంబురాయందలి నాలుగవ తీగ పలుకునది మంద్ర షడ్జమే. కచేరికి ముందు మృదంగపు తొప్పికి రవ్వముద్ద అంటించుట ఆ మంద్రనాదము కొరకే. మా పొరుగుననే నూజివీడు వీణల తయారీకి పేరుగన్నది. పనసకర్రను తొలిచి, మైనముపై 24 మెట్లు నిలిపి చేయు ఆ వీణకు, ప్రక్కనుండు తాళపు తీగలను విడిచిన, వాయించు తీగలు నాలుగే! నా గిటారును చూచి జాలిపడిన కుర్రవాడు వీణను చూచి జాలిపడడు గదా.

మంద్రస్వరము యొక్క ధర్మమేమి? ఇతర స్వరములను మోయుట. గాయకుడు ఎచ్చట నిలువవలెనో నేల చూపుట, డ్రమ్ముల లయను రాగముతో ముడివేయుట. ఇది సరిగా జరిగినప్పుడు వినువానికి పాట హాయిగా నున్నదని మాత్రమే తోచును. ఎవని వలన హాయిగా నున్నదో తోచదు. 1989లో వెలువడిన ‘గీతాంజలి’ చిత్రమునకు ఇళయరాజా కూర్చిన పాటలను హెడ్‌ఫోనులతో వినుడు. పాడువారి గొంతు క్రింద మరియొక గొంతు తనదైన నడకతో సాగుచున్నట్లు తెలియును. అదే పాటను సెల్‌ఫోనుతో విన్నయెడల ఆ క్రింది గొంతు చాలవరకు మాయమగును. అంత చిన్న స్పీకరు అంతటి నెమ్మదియైన కంపనమును పలికింపజాలదు.

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ 1960 తరువాత వెలువరించిన ప్రసిద్ధ గీతములలో అనేకములకు బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. ఆ పాటలు లోకమంతట మ్రోగినవి. రికార్డు అట్టలపై ఆయన పేరు మాత్రము ఏండ్ల తరబడి అచ్చుకాలేదు. ఆయన వాద్యములు పెక్కు గావు. తీగలను సైతము తరచుగా మార్చెడివాడు కాడు. కుడిచేతి చూపుడువ్రేలు ఒక్కటితోనే మీటెడివాడు. 1983లో ఆయన మరణించెను. 2000 సంవత్సరమున రాక్ అండ్ రోల్ గౌరవమందిరమున ఆయన పేరు చేర్చబడెను. వినబడకుండ మోసినవానిని లోకము ఆలస్యముగానైన గుర్తించినది. అయినను గుర్తింపు కొరకు ఈ వాద్యమును చేపట్టువాడు పొరపడినట్లే.

నేనును అట్లు పొరపడినవాడనే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పెండ్లి విందులో వాయించుటకు పోతిని. అంతకు ముందే మామిడికాయ సొమ్ముతో పెద్ద ఆంప్లిఫయరును కొంటిని. ఎరువుల బాకీ తీరకముందే కొంటినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. దాని బలము నలుగురికి తెలియవలెనని శబ్దము హెచ్చించితిని. కొంతసేపటికి పెండ్లికుమార్తె నాయనమ్మను బంధువులు బలవంతపెట్టి వేదికపైకి తెచ్చిరి. ఆమె తన చిన్ననాటి పాట నొకదానిని సన్నని గొంతుతో ఎత్తుకొనెను. నేను శబ్దము తగ్గింపక వాయించితిని. రెండు చరణములైనను కాకమునుపే ఆమె ఆగి, “నా పాట నాకే వినబడడం లేదు నాయనా” అనెను. మరల పాడుమని ఎందరు వేడినను పాడలేదు. మరునాడు తోటలో కోకిల కూయుచుండగా ఆ కూతపై సన్నని యీల వంటి రొద నా చెవులలో వినబడెను. అది మూడు దినములుండి పోయినది. ఆ ముసలమ్మ మాట మాత్రము నేటికిని పోలేదు.

ఆనాటినుండి నా అభిప్రాయ మిది: గట్టితనము వేరు, లోతు వేరు. నేడు ఊరేగింపులలో వాహనములపై పేర్చు పెద్ద పెట్టెల మ్రోతను జనులు ‘బేస్’ అని పిలుచుట మా కళకు కళంకము. సెకనునకు 41 కంపనములు గల ధ్వనితరంగము ఎనిమిది మీటర్లకు మించిన పొడవు గలది. అంతటి పొడవైన తరంగమును గోడలు సులభముగ ఆపజాలవు. అందువలననే ఆ మ్రోత పరీక్షకు చదువు పిల్లవాని గదిలోనికిని, రోగి మంచము కడకును పోవును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను హద్దుగా నిర్ణయించినవి. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లను నిషేధించినవి. వాయించువాని చెవికిని హద్దు కలదు. 85 డెసిబెళ్ళ శబ్దమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదని వైద్యశాస్త్రజ్ఞుల సూచన. ఆపై ప్రతి 3 డెసిబెళ్ళకును ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెళ్ళ చెంత పావుగంటయే మితి. చెడిన ఆంప్లిఫయరును బాగుచేయింపవచ్చును. లోచెవియందు నశించిన వినికిడి కణములు తిరిగి మొలవవు.

ఇక పరికరములను గూర్చి. ఇద్దరు ఔత్సాహికులు కలిసినచో సంభాషణ స్వరములతో మొదలై వెలలతో ముగియును. ఏ కంపెనీ గిటారు, ఏ దేశపు కర్ర, ఎన్ని వాట్లు అని తెల్లవారుదాక మాటలాడుకొందుము. అందు ఆనందము లేదనను; నేనును విజయవాడ అంగళ్ళలో గంటలకొలది నిలిచినవాడనే. అయినను క్రొత్తవారికి నేను చెప్పు క్రమ మిది. మెడ వంగని, స్వరము తప్పని వాద్యము ఒక్కటి చాలును. వేసవి ఎండకు, వానకాలపు చెమ్మకు కర్ర మెడ కొంచెము వంగుచుండును. లోపలి ఇనుపకడ్డీని జాగ్రత్తగా త్రిప్పి దానిని సరిచేయుట నేర్చుకొనవలెను. నునుపుచుట్టు తీగలు మెత్తగా పలుకును, గరుకుచుట్టు తీగలు తేటగా పలుకును, పాటనుబట్టి ఎంచుకొనవలెను. స్వరము సరిచూచు యంత్రము, రెండు మంచి కేబుళ్ళు, వాద్యధ్వనిని నేరుగా మిక్సరునకు పంపు చిన్న డి.ఐ. పెట్టె ఉన్నచో గ్రామములో ఏ వేదికపైనైనను వాయింపవచ్చును. పెద్ద ఆంప్లిఫయరును అప్పుచేసి కొనవలసిన పనిలేదు. నాది అమ్మివేసితిని, ఎరువుల బాకీ తీరినది.

అన్నిటికంటె ముందు చూడవలసినది ఎర్తు. మన ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 ఆవర్తనములు గలది. మా లావుతీగ మూడవ మెట్టున పలుకు స్వరము 49 కంపనములది. కావున ఎర్తు సరిగాలేని పందిరిలో హుంకారము వంటి రొద మేము వాయింపకయే మా స్వరమునకు ప్రక్కనే మ్రోగును. దానిని కేవలము చెవికి చికాకుగా తలపరాదు; అది హెచ్చరిక. 1972లో వేల్స్ దేశపు స్వాన్సీ పట్టణమున లెస్ హార్వీ అను గిటారు వాద్యకారుడు ఎర్తు లేని మైకును తాకి వేదికపైననే విద్యుద్ఘాతమునకు గురియై మరణించెను. తడిసిన నేలపై, అతుకుల తీగలతో, జనరేటరు నడుమ వాయించు మనము దీనిని మరువరాదు. విద్యుత్ పనివాడు వచ్చి చూచినగాని తీగను ముట్టనని చెప్పుట పిరికితనము గాదు.

మరియొక ప్రశ్న. ఉత్సాహముకొరకు వాయించువాడు సొమ్ము తీసికొనవచ్చునా? నాకు మామిడితోట కలదు గనుక ఉచితముగ వాయించెదనని మొదట గర్వించుచుంటిని. ఒకనాడు వాద్యమే జీవనముగాగల యొక మిత్రుడు, “నువ్వు ఊరికే వాయిస్తే నన్నెవరు పిలుస్తారు?” అని అడిగెను. నాకు బదులు తోచలేదు. భోజనమునకు, పందిరికి, దీపములకు రూకలిచ్చు ఇంట వాయించునప్పుడు తోటివారితో సమానముగ తీసికొనుటయే న్యాయము. పాఠశాల ఉత్సవము, ఊరి సాయము వంటి, ఎవరును కూలి తీసికొనని చోట ఉచితముగ వాయించుట శోభించును. తోటివాని స్వరమును కప్పుట ఎట్టి తప్పో, తోటివాని కూడును కప్పుటయు అట్టి తప్పే.

చివరగా మన పాఠశాల పెద్దలకు ఒక విన్నపము. వార్షికోత్సవమున పాడుటకు పలువురు ముందుకు వత్తురు. వెనుక నిలిచి వారిని మోయుట నేర్పుటకు ఒక్క బేస్ గిటారు, ఒక చిన్న ఆంప్లిఫయరు కొనుడు. ముందువరుసకు జంకు ఏ పిల్లవానికైన, పిల్లకైన దాని నిండు. వినుట, ఆగుట, ఇతరుల కొరకు తగ్గుట అను మూడు పాఠములును ఆ నాలుగు తీగలు నేర్పును. ఆ పాఠములు వాద్యము విడిచిన పిదపను ఉపయోగపడును.

విద్యార్థి సోదరులారా! నన్ను ప్రశ్నించిన కుర్రవాడు మీలో ఎవరైనను కావచ్చును. ఈ వేసవిని ఏదేని పెండ్లిపందిరిలో నేను కనబడినచో దగ్గరకు రండు. గిటారు మీ చేతికిచ్చి, ఒక్క స్వరము మీటుమందును. ఆ పెండ్లిలో ఏ నాయనమ్మయైన పాడుచున్నయెడల మాత్రము, ఆమె పాట ముగియువరకు ఇరువురము ఓపిక పట్టుదము.

— ఒక పూర్వ విద్యార్థి, ముసునూరు