గృహిణి పేజీ: చెంచాడు తోడు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి పెరుగు గురించినది. అయితే అందులోని బాధ వంటింటితో ఆగిపోయేది కాదు. పెళ్లయి ఏడాది కూడా నిండని ఒక చెల్లెలు వ్రాసింది. తాను తోడుపెట్టిన పాలు ఒకనాడు నీళ్లనీళ్లగా, ఒకనాడు జిగురుగా ఉంటున్నాయట. ఇంకొకనాడు తెల్లవారినా పాలు పాలుగానే ఉండిపోతున్నాయట. "నీ చెయ్యి మంచిది కాదు, నీ చేతికి పాలు తోడుకోవు" అని అత్తగారు నలుగురి ముందు అంటున్నారట. ఒక సాయంత్రం ఇంట్లో తోడు లేక గిన్నె పట్టుకుని పొరుగింటికి వెళితే, దీపాలు పెట్టాక తోడు ఇవ్వమని చెప్పి పంపేశారట. "నా చేతిలో నిజంగా ఏదైనా దోషముందా?" అని ఆమె అడుగుతోంది.

చెల్లెమ్మా, నీ చేతిలో ఏ దోషమూ లేదు. ఈ మాట ముందు చెప్పి, తర్వాత పాల సంగతికి వస్తాము.

పాలు పెరుగయ్యేది ఇలా

తోడు అంటే నిన్నటి పెరుగే కదా. కొన్నిచోట్ల దానినే చేమిరి అంటారు. ఆ చెంచాడు పెరుగులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లకొలది ఉంటాయి. పాలలో సహజంగా లాక్టోజు అనే చక్కెర ఉంటుంది. ఈ జీవులు దానిని తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపు మెల్లమెల్లగా ఎక్కుతున్నకొద్దీ, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తుల రేణువులు ఒకదానినొకటి పట్టుకుని వలలాగా అల్లుకుంటాయి. నీరు, కొవ్వు ఆ వలలో నిలిచిపోతాయి. అదే గడ్డ పెరుగు.

పాలు పులియడం జీవం గల సూక్ష్మజీవుల పని అని ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. బల్గేరియా దేశస్థుడైన స్టామెన్ గ్రిగొరోవ్ 1905లో తన దేశపు పెరుగులో ఉన్న సూక్ష్మజీవిని గుర్తించాడు. ఆ దేశం పేరు మీదనే దానికి బల్గేరికస్ అనే పేరు వచ్చింది. మన అమ్మమ్మలకు ఈ పేర్లేవీ తెలియవు. అయినా ఆ జీవులకు ఎంత వేడి కావాలో, ఎంతసేపు కదపకుండా ఉంచాలో వారి వేళ్లకు తెలుసు. అది చేతి అదృష్టం కాదు, చేతి అలవాటు. నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది.

తోడుపెట్టే పద్ధతి

అర లీటరు పాలు తీసుకోండి. ఒక పొంగు రాగానే దించేయకుండా, సన్నని సెగ మీద ఐదు నుండి పది నిమిషాలు కాగనివ్వండి. ఇలా చేస్తే పాలలోని మరికొన్ని మాంసకృత్తులు వేడికి విచ్చుకుని కేసీన్‌తో కలుస్తాయి, పెరుగు గట్టిగా వస్తుంది. పచ్చిపాలను కాచకుండా ఎన్నడూ తోడుపెట్టవద్దు. క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు పచ్చిపాల ద్వారా వచ్చే ప్రమాదముంది. ప్యాకెట్ పాలయినా ఒకసారి బాగా కాచుకోవడమే మేలు.

తర్వాత పాలను గోరువెచ్చగా చల్లారనివ్వండి. శుభ్రంగా కడిగిన చిటికెనవేలు ముంచి చూడండి. చురుక్కుమనకుండా, హాయిగా వెచ్చగా తగలాలి. లెక్కకు చెప్పాలంటే సుమారు 40 నుండి 43 డిగ్రీల సెల్సియస్. నులివెచ్చగా ఉన్నందుకు లవొదికయ సంఘం గద్దింపు పొందిందని ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో చదువుతాము. భక్తిలో అది నిజమే గాని, తోడు విషయంలో మాత్రం నులివెచ్చదనమే కావాలి!

నిన్నటి పెరుగును చెంచాతో చిదిపి, రెండు చెంచాల పాలలో కలిపి, ఆ తర్వాత మొత్తం పాలలో పోయండి. ఎండాకాలంలో అర చెంచా తోడు చాలు, నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. చలికాలంలో ఒకటిన్నర చెంచా వేయాలి, ఎనిమిది గంటలు గాని ఇంకా ఎక్కువ గాని పట్టవచ్చు. మూతపెట్టి, ఒక మూలన ఉంచి, తోడుకునేదాకా గిన్నెను కదపకండి. అల్లుకుంటున్న వల కదిలితే తెగిపోయి నీరు వదులుతుంది. పెరుగు గట్టిపడగానే ఫ్రిజ్‌లో గాని, నీళ్లపళ్లెంలో చల్లని చోట గాని పెట్టండి. లేకుంటే పులుపు ఎక్కుతూనే ఉంటుంది.

స్టీలు గిన్నె, గాజు గిన్నె, పింగాణీ జాడీ, మట్టి ముంత, ఏదైనా మంచిదే. మట్టి ముంత కొంత నీటిని పీల్చుకుంటుంది గనుక పెరుగు మరింత గట్టిగా ఉంటుంది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో మాత్రం వద్దు. పులుపు తగిలి పెరుగు చిలుమెక్కుతుంది, తింటే కడుపు చెడుతుంది.

తోడుకోకపోతే కారణం ఎక్కడ వెదకాలి?

తెల్లవారినా పాలు పాలుగానే ఉంటే, పాలు బాగా వేడిగా ఉన్నప్పుడు తోడు వేసి ఉండవచ్చు. ఆ వేడికి తోడులోని జీవులు చచ్చిపోతాయి. లేదా పాలు పూర్తిగా చల్లారిపోయి ఉండవచ్చు, అప్పుడవి పని మొదలుపెట్టవు. చలికాలమైతే గిన్నెకు దుప్పటి చుట్టి గాని, బియ్యం డబ్బాలో కూర్చోబెట్టి గాని చూడండి.

నీళ్లనీళ్లగా ఉండి పులుపు ఎక్కువైతే తోడు ఎక్కువైందన్న మాట. త్వరగా కావాలని రెండింతలు వేసేవారున్నారు. పులుపు ముందు పరుగెత్తుతుంది, గడ్డ వెనుకబడుతుంది.

జిగురుగా సాగుతుంటే తోడు పాతబడింది, లేదా దానిలో వేరే జాతి సూక్ష్మజీవులు చేరాయి. ఆ తోడును వదిలేసి, గిన్నెను మరిగే నీళ్లతో కడిగి, కొత్త తోడు తెచ్చుకోండి.

అన్నీ సరిగా చేసినా తోడుకోకపోతే పాలనే అనుమానించాలి. పాలు విరిగిపోకుండా వాటిలో సోడా కలిపే వ్యాపారులు ఉన్నారు. పుట్టిన పులుపును ఆ సోడా మింగేస్తుంది గనుక పెరుగు ఆలస్యమవుతుంది. గేదెకు జబ్బు చేసి యాంటీబయాటిక్ సూదిమందు వేయిస్తే, కొన్నాళ్లపాటు ఆ మందు పాలలోకి దిగుతుంది. అది తోడులోని జీవులను కూడా చంపుతుంది. అలాంటి పాలు అమ్మకూడదు, త్రాగకూడదు. పాలు పోసేవారిని మార్చి చూడండి. ప్యాకెట్ పాలలో కూడా తేడాలున్నాయి. డబుల్ టోన్డ్ పాలలో వెన్న శాతం 1.5, టోన్డ్ పాలలో 3, ఫుల్ క్రీమ్ పాలలో 6. పుట్టింట్లో చిక్కని గేదె పాలకు అలవాటుపడిన పిల్ల టోన్డ్ పాలతో అంత కమ్మని పెరుగు తీయలేదు. అది ఆమె లోపమా?

ఇంట్లో తోడు లేకపోతే, చప్పటి పెరుగు చిన్న ప్యాకెట్ కొని అందులో ఒక చెంచా వాడవచ్చు. పల్లెల్లో ఎండు మిరపకాయల తొడిమలు నాలుగైదు గోరువెచ్చని పాలలో వేసి ఉంచే అలవాటు కూడా ఉంది. ఆ తొడిమలను అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మొదటిసారి వచ్చేది పలచగా ఉంటుంది. దానిని తినడానికి కాక తోడుగా వాడితే, రెండోసారికి మంచి పెరుగు రావచ్చు. నిమ్మరసం మాత్రం పోయకండి. అది పాలను విరుస్తుంది గాని తోడుపెట్టదు.

అత్తగారికి ఒక మాట

విరగడం, తోడుకోవడం రెండూ పులుపు వల్ల జరిగేవే. అయితే మరిగే పాలలో ఒక్కసారిగా పులుపు పిండితే పాలు ముక్కలై నీరు వేరైపోతుంది. వెచ్చని పాలలో పులుపు మెల్లగా, లోపలి నుండి పుడితే అవే పాలు ఒక్క గడ్డగా నిలుస్తాయి. కొత్త కోడలి మనసు కూడా అలాంటిదేనని మేము అనుకుంటాము. నలుగురిలో అన్న ఒక్క పుల్లని మాట విరిచేస్తుంది. వెచ్చగా పక్కన నిలబడి, "ఇదిగో అమ్మా, వేలు ముంచి చూడు, ఇంత వేడి చాలు" అని వారం రోజులు చూపిస్తే ఆ పిల్ల జీవితమంతా మీ పేరు చెప్పుకుంటుంది. నయోమి దగ్గర రూతు ఎంత నేర్చుకుందో మన స్త్రీల సమాజంలో ఎన్నిసార్లు చెప్పుకోలేదు!

చెయ్యి మంచిది, చెయ్యి చెడ్డది అనే మాట విశ్వాసుల ఇళ్లలో ఉండవలసినది కాదు. ఈ రోజు పెరుగుతో మొదలైన ఆ మాట, రేపు గేదె చచ్చినా, బిడ్డకు జ్వరం వచ్చినా ఆ పిల్ల మీదికే వస్తుంది. మన చేతులను చేసినవాడు దేవుడు. అందులో అరిష్టమున్న చెయ్యి అంటూ ఆయన ఎవరికీ పెట్టలేదు.

దీపాలు పెట్టిన వేళ

సాయంత్రం దీపాలు పెట్టాక పాలు, పెరుగు, ఉప్పు బయటికి ఇస్తే ఇంటి సిరి పోతుందని మన ఊళ్లలో ఒక భయం ఉంది. పొరుగింటివారు ఆ భయంతోనే ఇవ్వలేదు గాని, ఈ చెల్లెలి మీద పగతో కాకపోవచ్చు. వారి మీద మనసు కష్టపెట్టుకోవద్దు. కానీ మన ఇళ్ల సంగతేమిటి? ఆరాధనకు వెళ్లి వచ్చిన చేతులతోనే, సందెవేళ తోడు అడిగితే "రేపు పొద్దున రా" అనే విశ్వాసులు లేరా? పాలు తోడుపెట్టేది ఎక్కువగా రాత్రిపూటే. తోడు అవసరం పడేది కూడా అప్పుడే. పొద్దున ఇచ్చే తోడు ఆ రాత్రి పాలకు పనికిరాదు. ప్రభువు లూకా సువార్త 11వ అధ్యాయంలో చెప్పిన ఉపమానంలో స్నేహితుడు రొట్టెలు అడగడానికి వచ్చినది అర్ధరాత్రి వేళ. తలుపు వేసి ఉన్నా, పిల్లలు పడుకున్నా, లేచి ఇవ్వవలసి వచ్చింది.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తోడు అడగడానికి వచ్చినవారి కులం చూసి, గిన్నెకు గిన్నె తగలకుండా పైనుండి జారవిడిచిన రోజులు మన పెద్దలలో చాలామందికి గుర్తున్నాయి. ఆ అవమానం అనుభవించినవారు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. అలాంటి మనమే మన వీధి చివర ఉన్న మరొక ఇంటివారి గిన్నెను అదే చూపుతో చూస్తే ఏమనాలి? యూదులు సమరయులతో సాంగత్యం చేయని దినాలలో, ప్రభువు ఒక సమరయ స్త్రీని దాహమడిగాడు. చేదడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆమె పాత్రలోని నీటినే ఆయన కోరాడు. ఆ ప్రభువును పూజించే ఇంట్లో ఎవరి గిన్నె అయినా గిన్నే.

ఒక చెంచా పక్కన పెట్టండి

మన తల్లులు అన్నం వండేటప్పుడు ప్రతి పూటా ఒక పిడికెడు బియ్యం తీసి ప్రభువు కోసం విడిగా ఉంచేవారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ అలవాటు ఉంది. అలాగే ప్రతి రాత్రి పెరుగు గిన్నె ఖాళీ కాకముందే రెండు చెంచాలు ఒక చిన్న గిన్నెలో తీసి మూతపెట్టండి. ఒక చెంచా మీ ఇంటి రేపటి కోసం, రెండవది అడగడానికి వచ్చేవారి కోసం. ఎవరూ రాకపోతే పొద్దున మజ్జిగలో కలుపుకోవచ్చు, నష్టమేమీ లేదు. ఫోను మీద చెబితే పెరుగు ప్యాకెట్ గుమ్మం దగ్గరికి వచ్చే పట్టణాలలో కూడా ఈ అలవాటు మానవద్దు. ప్యాకెట్ తెచ్చే అబ్బాయి మన యోగక్షేమాలు అడగడు. తోడు కోసం వచ్చిన పొరుగామె అడుగుతుంది.

తోడు ఇస్తే తరిగేది కాదు. మీరిచ్చిన చెంచా పొరుగింట్లో గిన్నెడు పెరుగవుతుంది. మీ తోడు చెడిన రోజున అదే పెరుగులోని చెంచాడు తిరిగి మీ ఇంటికి వస్తుంది. మన తెలుగులో పాలలో వేసేదానికీ, పక్కన నిలిచే మనిషికీ ఒక్కటే మాట ఉంది, తోడు. ఈ నెలలో మీ వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఎవరైనా ఉంటే, ఆమె అడగడానికి ముందే ఒక సాయంత్రం, దీపాలు పెట్టాకనే, చెంచాడు తోడు పట్టుకుని వెళ్లి పలకరించి రండి.

ప్రభువు మీ వంటిళ్లను, మీ చేతులను దీవించును గాక.