మందునకు లొంగని పుండు

చోడవరమునుండి యొక సోదరి యిట్లు వ్రాసియున్నది: “మా మామగారికి క్లోమమున గడ్డ యున్నదని విశాఖపట్టణపు వైద్యులు చెప్పి, శస్త్రచికిత్సకు దినము నిర్ణయించినారు. ఇంటిలో మిగిలియున్న యాంటీబయాటిక్ బిళ్ళలు ముందుగా నాలుగు దినములు వేసినచో కుట్లు చీముపట్టవని యిరుగుపొరుగువారు చెప్పుచున్నారు. వేయవచ్చునా?”

వేయరాదు, సోదరీ. కారణము కొంత విపులముగా చెప్పవలసియున్నది.

క్లోమము జీర్ణకోశమునకు వెనుక నడ్డముగా నుండు గ్రంథి. దాని తలభాగమున గడ్డ పుట్టినప్పుడు పైత్యరసము దిగు త్రోవ మూసికొనిపోయి కన్నులు పచ్చబడును. పలువురు దీనిని సామాన్యపు కామెర్లనుకొని పసరుమందులతో నెలలు గడపుదురు. ఆ కాలహరణమే పెద్ద నష్టము. వైద్యులు కొందఱికి ముందుగా నా త్రోవలో స్టెంటు అను సన్నని గొట్టము నమర్తురు. కామెర్లు తగ్గును గాని, ఆ గొట్టము వెంబడి ప్రేగులలోని సూక్ష్మజీవులు పైకి ప్రాకి, సహజముగా నిర్మలమైన పైత్యరసమున కాపురము పెట్టును. శస్త్రచికిత్సలో నా నాళమును కోసి ప్రేగునకు కలుపునప్పుడు పైత్యమొలికి, అవి కోతలోనికి చేరును. గంటలతరబడి జరుగు నీ చికిత్స పిమ్మట కుట్లు చీముపట్టుట తఱచగుటకు ముఖ్యకారణమిదియే.

దీనిని తగ్గించుటకు కోతకు ముందే నరములోనికి మందెక్కింతురు. అమెరికా, కెనడాలలోని 26 ఆసుపత్రులలో 778 మంది రోగులపై జరిగిన పరిశోధన 2023లో వెలువడినది. సెఫాక్సిటిన్ అను పాతమందు పొందినవారిలో నూటికి సుమారు 33 మందికి చీము చేరగా, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ పొందినవారిలో సుమారు 20 మందికే చేరెను. అట్లని రెండవదియే యందఱికిని సంజీవని యని యెంచరాదు. మన దేశపు ఆసుపత్రులలో దానికిని లొంగని సూక్ష్మజీవులు మెండు. కావుననే వైద్యులు పైత్యమును, చీమును కల్చరు పరీక్షకు పంపి, ఏ మందునకు లొంగునో చూచికొందురు. ఫలితము వచ్చుటకు రెండు మూడు దినములు పట్టును, విసుగుకొనరాదు.

ఇక నీ నాలుగు దినముల బిళ్ళల మాట. మీ ప్రాంతపు చెఱకు రైతు లెఱిగినదే: పురుగుమందు పదేపదే చల్లినచో మెత్తని పురుగులు చచ్చి, మొండివి మిగిలి పెరుగును. మీ మామగారి ప్రేగులలో జరుగునదియు నదియే. రేపు పైత్యమునకు, కోతకు చేరునవి యా మొండి సూక్ష్మజీవులే. అప్పుడు వైద్యుని చేతిలో మిగులు మందులు తక్కువ, వెల హెచ్చు, మూత్రపిండములకు కీడు చేయునవియు వానిలో నుండును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకులై యుండగా ఆరియోమైసిన్ అను మందు కనుగొనబడి, 1948లో వైద్యలోకమునకు వెల్లడియైనది. ఆ జాతి మందులకు నేడు పెక్కు సూక్ష్మజీవులు లొంగుట మానినవి. తెలుగువాని పర్యవేక్షణలో వెలువడిన యంతటి నిధిని, దానివంటి వానిని మనము జలుబులకు వెచ్చించుచున్నాము! జలుబు వైరసువలన వచ్చునది. ఈ మందులు దానిని తాకనైన తాకవు.

మందుల డబ్బా సాధారణముగా మన చేతిలోనిదే గదా. అట్టమీద నిలువుగా ఎఱ్ఱగీత యున్న మందులు వైద్యుని చీటి లేక వాడరాదని 2016లో కేంద్రప్రభుత్వము ప్రచార మారంభించినది. అట్టివి మీ మామగారు ఈ ఆఱు నెలలలో నేవేవి, ఎన్ని దినములు మ్రింగిరో కాగితముమీద వ్రాసి శస్త్రవైద్యునికి చూపుడు. ఆర్.ఎం.పి. ఇచ్చిన సూదిమందులను దాపవలదు. ఇంటికి వచ్చిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనక కట్టు ముట్టరాదు. కుట్లపై పసుపు, పసరు పూయరాదు. జ్వరము గాని, కోతచుట్టు ఎఱుపు గాని, దుర్గంధముతో కూడిన రసి గాని కనబడిన నాడే చికిత్స చేసిన ఆసుపత్రికి తెలుపుడు. అప్పుడు వీధిచివరి మందుల దుకాణమునకు పంపవలదు.