ఆకే కదా, ఏం చేస్తుంది?

మా పెద్దమ్మకు మందుల డబ్బా ఒకటుంది. పాత బిస్కెట్ల రేకు డబ్బా. అందులో బీపీ బిళ్లలు, థైరాయిడ్ బిళ్లలు, మడతలు పడ్డ చీటీలు. అశ్వగంధ గుళికల సీసా మాత్రం అందులో ఉండదు. అది వంటింటి అరలో, పంచదార డబ్బాకూ ఇంగువ డబ్బాకూ మధ్య ఉంటుంది. గుండె దడగా ఉందంటే ఆ మధ్య ఆసుపత్రికి తీసుకెళ్లాను. "ఇంకేమైనా మందులు వాడుతున్నారామ్మా?" అని డాక్టరు అడిగారు. "ఇవే బాబూ, ఇంకేం లేవు" అంది. బయటికొచ్చాక ఆ సీసా సంగతి ఎత్తితే నన్ను వింతగా చూసింది. "అది మందేమిట్రా, వేరు పొడి!"

అశ్వగంధ, అంటే మన పెన్నేరుగడ్డ, థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. ఆ దడకు అదే కారణమని నేననను. కారణమేమో అని వెతికే దారిని మాత్రం పెద్దమ్మ మాట మూసేసింది.

"మేలు చేయకపోతే పోనీ, కీడైతే చేయదు కదా" అన్న మాట చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువ వింటున్నాను. ఒంట్లో మార్పు తేగల పదార్థం మనం కోరిన మార్పొక్కటే తెచ్చి ఊరుకుంటుందా? చక్కెర దించే శక్తి ఉన్న ఆకుకు అవసరానికి మించి దించే శక్తీ ఉంటుంది. సైడ్ ఎఫెక్టులు అసలే లేవని డబ్బా మీద వేశారంటే, ఆ మాటైనా అబద్ధం కావాలి, లోపలి సరుకైనా ఉత్తి పిండి కావాలి.

కరోనా రోజుల్లో తిప్పతీగకు పట్టిన వైభవం గుర్తుందా? వేపచెట్టుకు అల్లుకుని ఎవరికీ పట్టకుండా పడి ఉన్న తీగకు ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. కాలనీల్లో ప్రహరీ గోడల మీద ఆకు మిగల్లేదు. పొద్దున్నే పరగడుపున గ్లాసుడు కషాయం. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 6 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లు వాడింది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ అయి ఉంటుందని ఆయుష్ శాఖ ఖండించింది. మరుసటి ఏడాది దేశంలోని 13 కేంద్రాల వైద్యులు కలిసి 43 మంది రోగుల సంగతి వెల్లడించారు. దొరికిన నమూనాలను పరీక్షిస్తే అది తిప్పతీగేనని తేలింది. చాలామందిలో, ఒంటి రక్షణ వ్యవస్థే సొంత కాలేయం మీద తిరగబడిన లక్షణాలు కనిపించాయి. ఇమ్యూనిటీ ఎంత పెరిగితే అంత మంచిదని గుక్కపెట్టి తాగినవాళ్లం మనం!

పోనీ, శాఖవారి మాటే నిజమనుకుందాం. పొరపాటున వేరే తీగ కలిసిందనుకుందాం. ఇదేం ఊరట? పొడి కొట్టి డబ్బాలో పోశాక అది ఏ తీగో మా పెద్దమ్మ పోల్చగలదా, మీరు పోల్చగలరా? కషాయం తాగిన లక్షల మందిలో ఎక్కువమందికి ఏమీ కాలేదన్నదీ నిజమే. అయితే ఎందరు తాగారో, ఎందరికి చేటు జరిగిందో లెక్క కట్టిన నాథుడు లేడు.

ఇక "వేల ఏళ్లుగా వాడుతున్నాం" అన్న బ్రహ్మాస్త్రం. అనుభవం గొప్పదే. తిన్న పూటే వాంతులైతే అది పట్టేస్తుంది. తిన్న పదేళ్లకు మూత్రపిండం చెడితే ఎవరు ముడిపెట్టి చెప్పగలరు? 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికి చైనా మూలికల గుళికలు మింగిన ఆడవాళ్లకు వరసగా మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ సంఖ్య వంద దాటింది. ఆరా తీస్తే, పేర్లు దగ్గరగా ఉన్న రెండు మూలికలు తారుమారై, అరిస్టోలోకియా జాతి మొక్క గుళికల్లోకి చేరింది. ఆ జాతి మొక్కలను చైనా వైద్యులు శతాబ్దాలుగా వాడుతూ వచ్చారు. వాటిలోని విషం మూత్రపిండాలను చెరిచి, క్యాన్సరూ తెస్తుందని అన్ని తరాల అనుభవమూ పసిగట్టలేకపోయింది. మన పొలాల గట్ల మీద పెరిగే గాడిదగడపాకు ఆ జాతిదే.

పైగా ఇవాళ మనం మింగేది తాతలు వాడిందేనా? వైద్యుడు నాడి పట్టుకుని, పథ్యం చెప్పి, ఫలానా అన్ని రోజులని గడువు పెట్టి ఇచ్చేవాడు. ఇప్పుడు కొరియర్ అబ్బాయి తలుపు కొట్టి ఇస్తున్నాడు. అమ్మమ్మ పప్పులో చిటికెడు పసుపు వేసింది. పసుపులో కర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్లు. గుళికలో నింపేది 95 పాళ్ల సారం. అది ఒంటికి సరిగా పట్టదని మిరియాల సారం కలుపుతారు. ఆ జోడీతో రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. ఇటలీలో, అమెరికాలో ఇలాంటి గుళికలతో కాలేయం చెడిన కేసులు నమోదయ్యాయి. పప్పుకు ఇచ్చిన కితాబును గుళికకు తగిలిస్తామంటే ఎలా?

"మా బావకు తగ్గింది" అంటారు. తగ్గే ఉంటుంది. 2021 మేలో కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన వేలమందిని నేను ఎగతాళి చెయ్యను. ఆక్సిజన్ దొరకని రోజులవి. కానీ ఏ మందూ వేయకపోయినా ఎక్కువమందికి నయమయ్యే జబ్బులో ఏది ఇచ్చినా పేరొస్తుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. మందు తీసుకున్నవాళ్లను, తీసుకోనివాళ్లను పక్కపక్కన పెట్టి లెక్కిస్తే తప్ప కాకి బరువెంతో తేలదు.

లైసెన్సు నంబరు చూసి ధైర్యపడేవాళ్లకూ ఒక మాట. ఆయుర్వేద గ్రంథంలో ఉన్న యోగాన్ని అందులో చెప్పిన వాడకానికే తయారుచేస్తే, లైసెన్సు కోసం కొత్తగా ప్రయోగాలు చేసి చూపక్కర్లేదు. గ్రంథం చూపితే చాలు.

ఇంగ్లిషు మందులకు సైడ్ ఎఫెక్టుల్లేవా అంటారా? బోలెడు. అవన్నీ డబ్బాలోని ఆ మడత కాగితం మీద చీమల బారులా అచ్చయి ఉంటాయి, ఎవరో కూర్చుని లెక్కపెట్టారు కాబట్టి. మూలికల మీద కక్షగట్టి లెక్కపెట్టరని మాత్రం అనకండి. సర్పగంధి రక్తపోటు తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రోగుల లెక్కలతో బ్రిటిష్ పత్రికలో రాస్తే ప్రపంచం చేతులు చాచి తీసుకుంది. దాని సారమైన రిసర్పిన్‌తో కొందరికి దిగులు పట్టుకుంటోందని ఆ తర్వాత గమనించిందీ అలా లెక్కపెట్టేవాళ్లే.

నెల తర్వాత చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ సీసా నేనే సంచిలో వేశాను. డాక్టరు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి లేబుల్ తిప్పి తిప్పి చదివారు. రోజుకు రెండు వేసుకోమని ఉంది, వేటితో కలిపి వాడకూడదో లేదు. "ఎన్నాళ్లుగా వాడుతున్నారు?" "రెండేళ్ల నుంచి బాబూ." ఆయన కేస్ షీట్ మీద రాసుకుంటుంటే పెద్దమ్మ నా చెవి దగ్గరకు వంగి అడిగింది: "ఒరేయ్, దీన్ని కూడా రాస్తారేమిట్రా?"