చెఱ వెడలి వచ్చినవారికి మందు



మా యెఱ్ఱవల్లి వంటి పల్లెలలో కల్లు క్రొత్తది కాదు. కాని అల్ప్రజోలము, డయాజిపాము వంటి నిద్రమందులు కలిపిన కల్లు వేఱు. 2015వ సంవత్సరమున ప్రభుత్వమువా రట్టి కల్లు నరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరు మొదలగు జిల్లాలలో ననేకులు మూర్ఛలతోడను మతిభ్రమణముతోడను ఆసుపత్రుల పాలైరి. మరగిన మత్తు హఠాత్తుగా నాగిన దేహ మట్లు తల్లడిల్లును. చెఱసాలలో ప్రవేశించిన మత్తుబానిసకును ఆ గండమే కలుగును.

వెలుపలికి వచ్చుట రెండవ గండము. హెరాయిను మరగినవాడు కొన్ని నెలలు దాని ముట్టకున్నచో దేహము పూర్వపు టోర్పును గోల్పోవును. తృష్ణ మాత్రము చావదు. విడుదలయై మునుపటి మోతాదునే కొనినచో ఊపిరి యాగిపోవచ్చును. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమున చెఱ వెడలిన 30,237 మందిని బరిశీలించి, మొదటి రెండు వారములలో వారి మరణభయ మితరులకంటె సుమారు 13 రెట్లని 2007లో ప్రకటించిరి.

దీనికి మెథడోను, బ్యుప్రెనార్ఫిను, నాల్ట్రెక్సోను అను మందులు గలవు. కడపటిది మద్యతృష్ణకును వాడుదురు. రోడ్ ఐలండు రాష్ట్రపు చెఱలలో 2016లో వీని నిచ్చి, విడుదల యైన పిదపను కొనసాగించిరి. చెఱ వెడలి యేడాది నిండక మత్తు మితిమీఱి మరణించినవారు 2016 తొలి యాఱు నెలలలో 26 మంది. 2017లో నదే కాలమున 9 మంది. మన దేశమునను తిహారు చెఱసాలలో 2008లో బ్యుప్రెనార్ఫిను చికిత్స నారంభించిరి.

"మత్తునకు మత్తే మందా?" యని పెద్దలు శంకింతురు. నలోపాఖ్యానమును దలపుడు. కర్కోటకుని విషము నలుని బాధింపక, లోనున్న కలినే దహించెను; కలి విడుచుటకు బహుకాలము పట్టెను. వైద్యుడు కొలతతో నిచ్చు మందును అట్టిదే.

కావున భర్తయో కుమారుడో చెఱనుండి వచ్చునప్పుడు, లోపల నేమందు లిచ్చిరో యా కాగితము నడిగి తెచ్చుకొనుడు. మొదటి రెండు వారములు ఒంటరిగా విడువకుడు. మందును మీ యంతట మీ రాపకుడు. కల్తీకల్లు మరగినవారికి నిద్రమందును వైద్యుడే క్రమక్రమముగా తగ్గింపవలయును. ఒక్కసారి మాన్పించుట ప్రాణాపాయము. 14446 సంఖ్యకు టెలిఫోను చేసిన ప్రభుత్వపు సలహా యుచితముగా లభించును. ఇరుగుపొరుగువా రేమనుకొందురో యని సిగ్గుపడి చికిత్సను దాచకుడు. జ్వరమునకు మందిచ్చుటకు సిగ్గుపడుదుమా?